వల్గా, వల్కా

ఇల్లు కట్టి చూడటం ఒక ఎత్తు.
కట్టిన ఇంటిని కొలిచి చూడటం మరో ఎత్తు.
ఆ రెండో పని నాది.

ఫిబ్రవరి. వల్గాలో ఒక వీధి చివర
లెంబి ఇల్లు.
పొయ్యి ఎస్టోనియాలో, పడకగది లాత్వియాలో.
సరిహద్దు గీసినవాళ్లు ఆ పూట అన్నం తినకుండా గీసి ఉంటారని
ఆమె తల్లి నమ్మకం,
ఇప్పుడు ఆమెది.

గీతకు అవతల ఊరి పేరు వల్కా.
గ తీసి క పెట్టు, దేశం మారిపోతుంది.
అక్షరమంటే నశించనిదంటారు.
ఇక్కడ అక్షరమే చెక్‌పోస్టు.

కిటికీలు మార్చాలంటే సర్కారు సాయం కావాలి.
సాయం రావాలంటే ఇంటికో అక్షరం కావాలి:
ఏ అనే మేడ మీంచి జి అనే నేలమాళిగ దాకా
ఈ ఇల్లు ఏ మెట్టు మీద కూచుని వణుకుతోందో.
ఏ దేశం మెట్లు, అని అడిగాను ఆఫీసులో.
రెండూ వెతుక్కో, అన్నారు.

వెతికాను, మూడు రాత్రులు.
మా ప్రమాణాల్లో మొదటి ప్రశ్న: ఇది ఏ జాతి కట్టడం?
నివాసమా, దుకాణమా, వర్క్‌షాపా?
లెంబి ప్రతి శుక్రవారం వీధి మొత్తానికి రై రొట్టె కాలుస్తుంది.
డబ్బు పుచ్చుకోదు, గుడ్లు పుచ్చుకుంటుంది.
గుడ్లకు గడి లేదు.
వాళ్ల జాబితా మెట్లకింది చోటును నేలగా లెక్కిస్తుంది,
మాది ఆ చోటును చూడనట్టే నటిస్తుంది.
కట్టెలకు మేం వేసే గుణకం ఒకటి, వాళ్లు వేసేది వేరొకటి.
అదే బర్చ్ దుంగ, అదే మంట,
గది దాటగానే నిప్పు పౌరసత్వం మార్చుకున్నట్టు.
మా ప్రోగ్రాముకు చలి ఒక ఊరి లెక్కల్లోంచి వస్తుంది,
వాళ్లదానికి ఇంకో ఊరి లెక్కల్లోంచి.
కప్పు మీది మంచు మాత్రం
ఎవర్నీ అడక్కుండా
నేరుగా పైనుంచే పడుతోంది.

అటునుంచి టాలివాల్డిస్ వచ్చాడు,
తన లాప్‌టాప్, తన లేజరు, బూట్లకు తన నీలం సంచులు.
ఒకే గోడను ఇద్దరం కొలిచాం.
రెండు సెంటీమీటర్ల తేడా.
తప్పెవరిదో తేల్చకుండా టీ తాగాం.

వాకిట్లో ఎర్రగుడ్డ బిగించి ఫ్యాను పెట్టాం.
ఇంటి ఊపిరి బయటికి లాగితే
ఇంటిగుట్టు దానంతటదే బయటపడుతుంది.
పొగ పెన్సిలు పట్టుకుని గది గదీ తిరిగాను.
కిటికీల దగ్గర పొగ కాస్త తల వంచింది,
స్విచ్చుబోర్డు దగ్గర గుసగుసలాడింది,
వంటగదికీ పడకగదికీ మధ్య, సరిగ్గా గీత మీద,
గడప దగ్గర ఉలిక్కిపడి పరుగెత్తింది.

దొరికింది, అన్నాను. ఇది మూసేస్తే
మీ ఇల్లు ఒక మెట్టు పైకెక్కుతుంది.

లెంబి నవ్వలేదు. మోకాళ్ల మీద కూచుని చెక్కపలక ఎత్తింది.
లోపల వెన్న. పాలసీసా.
లింగన్‌బెర్రీ జామ్, మూత మీద నిరుటి సంవత్సరం.
ఆమె ఫ్రిజ్ ఎన్నడూ కొనలేదు.
"నువ్వు దొంగంటున్న ఈ గాలి
యాభై ఏళ్లుగా నా దగ్గర
జీతం లేకుండా పనిచేస్తోంది."

మా ప్రోగ్రాములో వెతికాను, వాళ్ల ప్రోగ్రాములో వెతికాడు.
పనిచేసే చలికి గడి లేదు.

చీకటిపడే వేళకు ఫలితాలొచ్చాయి:
మా లెక్కలో ఎఫ్, వాళ్ల లెక్కలో డి.
రెండు కాగితాలూ బల్ల మీద పెట్టి
మార్కులు తగ్గిన పిల్లల్లా నిలబడ్డాం.

"వీటిలో ఏది వెచ్చగా ఉంటుంది?"
"మా డి," అన్నాడు టాలివాల్డిస్,
మర్యాదకు గొంతు తగ్గించి.
"సరే. పడుకునేది అటే కదా.
రొట్టె కాలడానికి ఎఫ్ చాలు."

నివేదికలో ఇతర వివరాల దగ్గర రాశాను:
గడప కింద ఉన్నది లీకు కాదు. వెన్న.
ఆఫీసువాళ్లు తిప్పి పంపుతారు, తెలుసు.

వెళ్లేటప్పుడు చెరో రొట్టె ఇచ్చింది, ఇంకా వేడిగా.
మేం గుడ్లు తీసుకురాలేదు.
పెన్సిలుతో గోడ మీద అప్పు రాసుకుంది,
ఇద్దరి పేర్లూ పక్కపక్కన.
ఏ దేశపు గోడో
నేను చూడలేదు.